టైటానిక్ నాలుగో పొగగొట్టంలోంచి నిజంగా పొగ వచ్చేదా?

బాయిలర్ల పొగ వచ్చేది కాదు, ఆ పని ముందున్న మూడు గొట్టాలదే, వెనకున్న నాలుగోది ప్రధానంగా గాలి ఆడటానికి పెట్టింది.

ఓడలో 29 బాయిలర్లు ఉన్నా వాటి పొగకు మూడు గొట్టాలు సరిపోయాయి. మరి నాలుగోది ఎందుకంటే, చూడటానికి గంభీరంగా ఉండాలని. 1897లో జర్మనీ ఓడ కైజర్ విల్‌హెల్మ్ డెర్ గ్రోసె నాలుగు గొట్టాలతో వచ్చి అట్లాంటిక్ వేగం రికార్డు కొట్టింది, తర్వాత 1907లో క్యూనార్డ్ కంపెనీ లూసిటానియా, మారిటానియా కూడా అలాగే దిగాయి, దాంతో గొట్టాలు ఎన్ని ఎక్కువుంటే ఓడ అంత వేగం, అంత భద్రం అని జనంలో నాటుకుపోయింది. పోటీలో ఉన్న వైట్ స్టార్ కంపెనీ తన ఒలింపిక్, టైటానిక్‌లకు మూడింటితో ఆగలేకపోయింది, టికెట్లు అమ్ముడుపోవాలి కదా.

అలాగని అది ఉత్త డమ్మీ అనుకోవడం పొరపాటు. వంటగదుల పొగ, ఇంజిన్ గదుల వేడిగాలి దాని గుండానే బయటికి పోయేవి, ఫస్ట్ క్లాస్ స్మోకింగ్ రూమ్‌లో ఉన్న బొగ్గు పొయ్యి గొట్టం కూడా అందులోంచే పైకి వెళ్లేది. అందుకే ఒక్కోసారి దాన్నుంచి కూడా కాస్త పొగ కనిపించేది.

ఇంకో అపోహ, నాలుగు గొట్టాల ఓడలన్నిటికీ ఒకటి ఉత్తుత్తిదే అని. మారిటానియానే చూడండి, దాని నాలుగు గొట్టాలూ బాయిలర్లవే, ఎందుకంటే అది వేగం కోసమే కట్టిన ఓడ, 1929 దాకా అట్లాంటిక్ రికార్డు దానిదే.