రెండు ఏనుగులు పోయినా ఆట కట్టొచ్చు
చదరంగం: మీ ప్రశ్నలు, మా జవాబులు

గోవాలో 2025 నవంబరులో ప్రపంచ కప్ ముగిసిన దగ్గర్నుంచి నాకౌట్ పోటీల గురించీ, పావులు బలిచ్చి చేసే దాడుల గురించీ ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఈసారి వాటికే చోటిస్తున్నాం. జవాబులు చదివేటప్పుడు బల్ల పక్కనే పెట్టుకోండి. తెల్లపావుల వైపు నుంచి చూస్తే ఎడమ చివరి వరస ఎ, కుడి చివరిది హెచ్. కింది నుంచి పైకి 1 నుంచి 8. రా అంటే రాజు, మం మంత్రి, ఏ ఏనుగు, బిష బిషప్, గు గుర్రం. బంటుకు గడి పేరొక్కటే రాస్తాం. × అంటే కొట్టడం, + అంటే చెక్.

ప్రశ్న: 1851లో లండన్ నాకౌట్ టోర్నీలో ఆండర్సన్ మంత్రినీ, రెండు ఏనుగుల్నీ ఇచ్చేసి గెలిచాడని మా మాస్టారు చెప్పేవారు. ఆ ఆట ఏ రౌండులోది? చివర్లో మంత్రిని ఊరికే ఎందుకిచ్చాడో నాకు ఇప్పటికీ బోధపడలేదు.
(విశ్రాంత ఉపాధ్యాయుడు, కంటోన్మెంట్, విజయనగరం)

జవాబు: ఏ రౌండులోదీ కాదు. ఈ పొరపాటు చాలామందికి ఉంది, దానికి కారణమూ ఉంది. 1851 లండన్ పోటీలో 16 మంది ఆడారు, పద్ధతి నాకౌటే, గెలిచింది ఆండర్సనే. మీరడిగిన ఆటలో ఆయన చేతిలో ఓడిన కీసెరిట్స్కీని మొదటి రౌండులో ఇంటికి పంపిందీ ఆయనే. కానీ మీరడిగిన ఆట ఆ ఇద్దరూ అదే రోజుల్లో, జూన్ 21న, పోటీకి బయట సరదాగా ఆడుకున్నది. సరదా ఆట కాబట్టే అంత తెగింపు. మొత్తం ఎత్తులు ఇవి, ఆండర్సన్‌వి తెల్లపావులు:

1. ఇ4 ఇ5 2. ఎఫ్4 ఇ×ఎఫ్4 3. బిష-సి4 మం-హెచ్4+ 4. రా-ఎఫ్1 బి5 5. బిష×బి5 గు-ఎఫ్6 6. గు-ఎఫ్3 మం-హెచ్6 7. డి3 గు-హెచ్5 8. గు-హెచ్4 మం-జి5 9. గు-ఎఫ్5 సి6 10. జి4 గు-ఎఫ్6 11. ఏ-జి1 సి×బి5 12. హెచ్4 మం-జి6 13. హెచ్5 మం-జి5 14. మం-ఎఫ్3 గు-జి8 15. బిష×ఎఫ్4 మం-ఎఫ్6 16. గు-సి3 బిష-సి5 17. గు-డి5 మం×బి2 18. బిష-డి6 బిష×జి1 19. ఇ5 మం×ఎ1+ 20. రా-ఇ2 గు-ఎ6 21. గు×జి7+ రా-డి8 22. మం-ఎఫ్6+ గు×ఎఫ్6 23. బిష-ఇ7, ఆట కట్టు.

14వ ఎత్తు దగ్గర ఆగి చూడండి. నల్ల మంత్రి హెచ్4, హెచ్6, జి5, జి6, మళ్ళీ జి5 అంటూ తిరుగుతూనే ఉంది. దానికి దారివ్వడానికి గుర్రం తిరిగి జి8కి పోయింది. నల్ల మంత్రి పుట్టిన వైపు ఏనుగు, గుర్రం, బిషప్ మూడూ పుట్టిన చోటే ఉన్నాయి. తెల్లవాళ్ళు ఏనుగులిచ్చింది ఈ లెక్క మీదే. ఎ8లో కదలకుండా కూర్చున్న నల్ల ఏనుగు లేనట్టే లెక్క.

అసలు కీలకం 19వ ఎత్తు, బంటు ఇ5. చూడ్డానికి ఏమీ చేయనట్టుంటుంది. బి2లో ఉన్నా, ఎ1లో ఉన్నా, నల్ల మంత్రి ఐమూలగా ఉన్న పెద్ద గీత మీదుగా జి7ను కాస్తోంది. ఇ5 బంటు ఆ గీతకు అడ్డం పడింది, కాపలా తెగిపోయింది. 20లో గుర్రం ఎ6కు రాకపోతే గు×జి7+ రా-డి8, ఆ వెంటనే బిష-సి7తో ఆట కట్టేది. ఆ గుర్రం సి7ను కాసింది. అయితే ఇ7 గడికి ఎవరు కాపలా? జి8లోని గుర్రం ఒక్కటే. మీరడిగిన మంత్రి బలి దాని కోసమే: ఎఫ్6లో చెక్ ఇస్తే ఆ గుర్రం కదిలి తీరాలి (ఇ7లో అడ్డం పడినా మం×ఇ7తో ఆట కట్టే), మంత్రిని కొట్టగానే ఇ7కు కాపలా పోతుంది. రాజుకు సి7, ఇ7లను డి5 గుర్రం, ఇ8ని జి7 గుర్రం మూసేశాయి. సి8లో బిషప్, డి7లో బంటు, రెండూ సొంతవే. అప్పటికి తెల్లవాళ్ళకు పోయినవి మంత్రి, రెండు ఏనుగులు, ఒక బిషప్, రెండు బంట్లు. నల్లవాళ్ళకు పోయినవి మూడు బంట్లు.

ప్రశ్న: స్కూల్లో పిల్లలకు చదరంగం నేర్పుతున్నాను. హెచ్7 మీద బిషప్ బలి ఒకసారి చూపించాక, ప్రతి ఆటలోనూ అదే కొట్టేసి, తర్వాత బిక్కమొహం వేస్తున్నారు. ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేయదు?
(రాజాం)

జవాబు: బలి చూపించి షరతులు చూపించకపోతే అంతే జరుగుతుంది. కొట్టే ముందు బల్ల మీద వెతకాల్సినవి ఇవి. తెల్ల బిషప్ డి3లో, గుర్రం ఎఫ్3లో, మంత్రి డి1లో, బంటు ఇ5లో ఉండాలి. సి1 బిషప్‌కు జి5, హెచ్6 వైపు దారి తెరిచి ఉండాలి. అవతల రాజు కోట కట్టి (క్యాస్లింగ్ చేసి) జి8లో ఉండాలి, ఎఫ్6లో గుర్రం ఉండకూడదు. ఇ5 బంటు పని ఆ గుర్రాన్ని తరిమి, తిరిగి రానివ్వకపోవడం. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో, అంటే నల్లబంట్లు ఇ6, డి5లో ఉన్నప్పుడు, ఈ అమరిక తరచుగా వస్తుంది.

1. బిష×హెచ్7+ రా×హెచ్7 2. గు-జి5+. ఇక్కడ రాజుకు పనికొచ్చే దారులు మూడు (హెచ్8కు పోతే మం-హెచ్5+ రా-జి8, మం-హెచ్7తో ఆట కట్టే). మూడూ లెక్కేయకుండా మొదటి ఎత్తు వేయకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి.

జి8కి వెనక్కి పోతే 3. మం-హెచ్5, హెచ్7లో ఆట కడతానని బెదిరింపు. నల్ల ఏనుగు ఇ8కి జరిగి రాజుకు ఎఫ్8 ఖాళీ చేస్తుంది. పిల్లలు తొందరపడేది ఇక్కడే. వెంటనే హెచ్7లో చెక్ ఇస్తారు. రాజు ఎఫ్8, మంత్రి హెచ్8లో చెక్, రాజు ఇ7. ఇప్పుడు జి7 బంటును కొట్టినా అది చెక్ కాదు, మధ్యలో ఎఫ్7 బంటు అడ్డం. రాజు తప్పించుకున్నట్టే. సరైన వరస: 4. మం×ఎఫ్7+ రా-హెచ్8 5. మం-హెచ్5+ రా-జి8 6. మం-హెచ్7+ రా-ఎఫ్8 7. మం-హెచ్8+ రా-ఇ7 8. మం×జి7, ఆట కట్టు. నల్ల మంత్రి డి8లోనే ఉంటే రాజుకు ఆ గడీ దొరకదు. ఎఫ్7 బంటును ముందు తీసేయడమే తేడా.

రాజు హెచ్6కు వస్తే గు×ఎఫ్7. సి1 బిషప్, గుర్రం రెండూ ఒకేసారి చెక్ ఇస్తాయి. ఎఫ్8 ఏనుగు గుర్రాన్ని కొట్టలేదు, రాజు కదలక తప్పదు, డి8లోని మంత్రి పోతుంది.

జి6కు వస్తే అసలు పరీక్ష. 3. మం-జి4 వేయాలి. నల్లవాళ్ళు ఎఫ్5 అంటే మం-జి3. ఇక గుర్రం ఇ6 మీద పడితే మంత్రి నుంచి చెక్ బయటపడుతుంది, గుర్రం డి8ని కూడా పట్టుకుంటుంది. ఈ దారి కంఠతా రాని పిల్లవాడు బలి ఇవ్వకపోవడమే మేలు.

పని చేయని సందర్భాలు ఇంకా ముఖ్యం. నల్ల బిషప్ ఇ7లో ఉంటే జి5లో గుర్రాన్ని కొట్టేస్తుంది. అప్పుడు మీ బంటు హెచ్4లో, ఏనుగు హెచ్1లో ఉండి ఉంటేనే హెచ్×జి5+ అని వరస తెరుచుకుంటుంది. కోట కట్టేసిన తెల్లవాళ్ళకు అది లేదు. నల్ల బిషప్ ఎఫ్5కి రాగలిగితే హెచ్7ను అక్కడి నుంచే కాస్తుంది. ఏనుగు ముందే ఇ8లో ఉండి, గుర్రం డి7లో ఉంటే గు-ఎఫ్8 అని హెచ్7కు కొత్త కాపలా వస్తుంది. ఇక మన పిల్లలు ఎక్కువగా చేసేది: సొంత గుర్రాన్ని డి2లో పెట్టి, సి1 బిషప్‌కు తామే తలుపు మూసేసి, ఆపైన హెచ్7 కొట్టడం. రాజు హెచ్6కు నడిచొచ్చి హాయిగా కూర్చుంటాడు.

ఒక పని చేయండి. ఇరవై స్థితులు గీసివ్వండి, అందులో ఎనిమిదింటిలో బలి పనికిరాకూడదు. 'కొట్టాలా, వద్దా, వద్దంటే ఏ పావు వల్ల?' అని ఒక్క వాక్యంలో రాయమనండి. ఎత్తులు రాయించడం ఆ తర్వాత.

ప్రశ్న: ఏటండీ ఈ నాకౌట్లు! క్లాసికల్ రెండాటలూ డ్రా చేసుకొని టైబ్రేక్ కోసం కూర్చుంటారు. దాడి చేసి తేల్చేయొచ్చు కదా?
(డిగ్రీ విద్యార్థి, పలాస)

జవాబు: నిదానంగా సాగే క్లాసికల్ ఆటలు సమమైతేనే, తక్కువ సమయంలో ఆడే టైబ్రేక్‌లు వస్తాయి. ముందే తేల్చేసేవాళ్ళూ ఉన్నారు. 2017లో టిబిలిసి ప్రపంచ కప్‌లో, 128 మంది పోటీలో, మూడో రౌండు మొదటి ఆటలో కార్ల్‌సన్‌కు తెల్లపావులు. చైనా ఆటగాడు బు షియాంగ్‌జి నల్లపావులతో హెచ్3లో బిషప్‌ను బలిచ్చాడు. పైన రాజాం వారికి చెప్పిన బలికి ఇది నల్లవైపు నుంచి దగ్గరి చుట్టం. ఆ ఆట గెలిచి, రెండోది డ్రా చేసి కార్ల్‌సన్‌ను ఇంటికి పంపాడు. రెండాటల మ్యాచ్‌లో ముందు గెలిస్తే వచ్చే సుఖం అదే, రెండో ఆటలో అవతలివాడే ముందుకు రావాలి.

అలాగని ముందు గెలిచినంత మాత్రాన ధీమా పనికిరాదు. 2015 బాకూ ప్రపంచ కప్ ఫైనల్ నాలుగు క్లాసికల్ ఆటలది. స్విడ్లర్ మొదటి రెండూ గెలిచాడు, ఒక్క డ్రా చాలు. తర్వాతి రెండూ కర్యాకిన్ లాక్కున్నాడు, టైబ్రేక్‌లతో కలిపి 6-4తో కప్పూ లాక్కున్నాడు. మొత్తం పది ఆటల్లో ఒక్కటీ డ్రా కాలేదు. కూర్చుంటారు అన్న మాట వాళ్ళిద్దరికీ వర్తించదు.

మీరన్నవాళ్ళ లెక్క మాత్రం గడియారం లెక్క. 2023 బాకూలో క్లాసికల్‌కు 40 ఎత్తులకు 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అదనం. అంటే 40 ఎత్తులకు 110 నిమిషాలు. మొదటి టైబ్రేక్ 25 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు: అదే 40 ఎత్తులకు 31 నిమిషాల 40 సెకన్లు. తర్వాత 10 నిమిషాలు, 10 సెకన్లు: 16 నిమిషాల 40 సెకన్లు. ఆపైన 5 నిమిషాలు, 3 సెకన్లు: 7 నిమిషాలు. బలిని కాచుకునేవాడికే కాలం ఎక్కువ కావాలి. రాజుకున్న మూడు దారుల్లో రెండు చావుదారులైతే, ఆ మూడోది వెతకడానికి 110 నిమిషాల్లో వీలవుతుంది, ఏడు నిమిషాల్లో కష్టం. అందుకే వేగంగా ఆడగలవాళ్ళు దాడిని టైబ్రేక్‌కు దాచుకుంటారు. ఆ పోటీలో ప్రజ్ఞానంద, వరంగల్ అర్జున్ ఎరిగైసి క్వార్టర్ ఫైనల్లో ఆ మెట్లన్నీ దిగి, చివరి ఒక్క ఆట దాకా పోయారు. 5-4తో ప్రజ్ఞానంద గెలిచాడు. గోవాలో అర్జున్ మాత్రం అరోనియన్‌ను క్లాసికల్‌లోనే తేల్చేశాడు. క్వార్టర్ ఫైనల్లో వేయ్ యి టైబ్రేక్‌లో ఆపాడు.

ప్రశ్న: శకటు అంటే బిషప్పా, రూకా? మా ఇంట్లో రోజూ తగవే.
(బొబ్బిలి)

జవాబు: ఒక్కో ఇంట్లో ఒక్కోలా అంటారు. అందుకే ఈ శీర్షికలో ఆ మాట వాడకుండా బిషప్ అనే రాస్తున్నాం. ఏనుగు మూలన ఉండేదే.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. చివరి రౌండులో నల్లపావులతో గెలిచి తీరాలంటే ఏ ఓపెనింగ్ ఆడాలి?
(నరసన్నపేట)

జవాబు: అమ్మా, నీకు అలవాటున్నదే. ఆ రోజు కొత్తది మొదలుపెట్టకు. ఇ4కు సి5, అంటే సిసీలియన్, కొన్నాళ్ళుగా ఆడుతూ ఉంటే అది మంచిది, రెండువైపులా బంట్ల అమరిక వేరుగా ఉంటుంది కాబట్టి ఆట చప్పబడదు. మంత్రుల మార్పిడి అడిగితే, నష్టం లేకపోతే పక్కకు జరిగిపో. పది నిమిషాల ఆటైతే 20వ ఎత్తుకు నీ గడియారంలో నాలుగు నిమిషాలైనా మిగలాలి. మన దగ్గర ఎక్కువ పోటీలు స్విస్ పద్ధతిలోనే జరుగుతాయి. అందులో డ్రాకు అర పాయింటు వస్తుంది, ఓడినా ఇంటికి పంపరు. కాబట్టి నిజంగా గెలిచి తీరాలా అన్నది ముందు పాయింట్ల పట్టిక చూసి తెలుసుకో.

ప్రశ్న: ఫోన్‌లో ఇంజిన్ (చదరంగం ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం) పెట్టి చూస్తే ఆండర్సన్ 18వ ఎత్తు తప్పంటోంది. తప్పుల ఆటను ఎందుకు చదవాలి?
(టెక్కలి)

జవాబు: ఇంజిన్ కన్నా చాలా ముందే ఆ మాట అన్నారు. 18. బిష-డి6కు నల్లవాళ్ళు జి1 ఏనుగును కొట్టకుండా మం×ఎ1+, రా-ఇ2, మం-బి2 అని ఆడాల్సిందని 1879లోనే, తర్వాత ప్రపంచ విజేత అయిన స్టైనిట్జ్ చూపించాడు. తెల్లవాళ్ళకు డి4 లాంటి మెరుగైన ఎత్తులూ ఉన్నాయి. కానీ బల్ల ముందు కూర్చున్నవాడు మం-బి2ను తానే కనిపెట్టాలి, పక్కన ఏనుగు ఊరికే దొరుకుతుంటే. ఫోన్ పక్కన పెట్టి, 17వ ఎత్తు తర్వాతి స్థితిని బల్ల మీద పేర్చండి. పదిహేను నిమిషాలు ఇచ్చుకొని మీ 18వ ఎత్తూ, దానికి నల్లవాళ్ళ రెండు జవాబులూ కాగితం మీద రాయండి. ఇంజిన్ ఆ తర్వాతే. అది ఇచ్చిన ఎత్తు మీదానికి వేరైతే, ఏ గడి కాపలాను మీరు లెక్కలోకి తీసుకోలేదో ఆ గడి పేరు పక్కన రాసుకోండి.