కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోవడానికే అరగంట పడుతోంది, తీయాలంటే భయంగా ఉంది, కంటి వెనక్కి జారిపోతుందా? సొల్యూషన్ అయిపోతే మంచినీళ్ళతో కడగొచ్చా?

ముందు మీ పెద్ద భయం తీర్చేస్తాను. లెన్స్ కంటి వెనక్కి పోదు. రెప్ప లోపలివైపు ఉండే పల్చటి పొరే మడత తిరిగి తెల్లగుడ్డు మీద పరుచుకుంటుంది కాబట్టి వెనక్కి దారే లేదు. మహా అయితే జారి పై రెప్ప కింద నక్కుతుంది. అప్పుడు లెన్స్ వాడేవాళ్ళ కోసం అమ్మే డ్రాప్స్ రెండు చుక్కలు వేసుకుని, కిందికి చూస్తూ రెప్ప మీద మెల్లగా నిమరండి, దిగి వస్తుంది.

నేను కాలేజీ రోజుల నుంచి సాఫ్ట్ లెన్స్ వాడుతున్నాను. పెట్టుకోవడానికి అరగంట పడుతోందన్నారు, కొత్తలో మామూలే. షాపులో రెండు నిమిషాల్లో చూపించి పంపేస్తారు, కానీ అసలు గొడవ చేతి తడితో అని చెప్పరు. వేలు తడిగా ఉంటే లెన్స్ వేలినే పట్టుకుంటుంది, కంటి మీదకి దిగదు. సబ్బుతో చేతులు కడిగి, నూగు రాలని గుడ్డతో పూర్తిగా తుడుచుకోండి. తర్వాత లెన్స్‌ని వేలి కొన మీద నిలబెట్టి పక్కనుంచి చూడండి. సరిగ్గా ఉంటే చిన్న గిన్నెలా కనిపిస్తుంది, తిరగబడితే అంచులు పళ్ళెంలా బయటికి విచ్చుకుంటాయి. ఎప్పుడూ కుడి కన్నుతోనే మొదలుపెడితే రెండు కళ్ళ పవర్ తారుమారు కాదు. కాటుక లెన్స్ పెట్టుకున్నాకే.

తీసేటప్పుడు చాలామంది నేరుగా నల్లగుడ్డు మీదే గిల్లబోతారు. అలా వద్దు. ముందు లెన్స్ కంట్లోనే ఉందో లేదో చూసుకోండి: ఒక కన్ను మూసి గోడ మీద క్యాలెండర్ చదివితే తెలిసిపోతుంది. లేని లెన్స్ కోసం కన్ను గిల్లుకుంటే నల్లగుడ్డు గీసుకుపోతుంది. ఉంటే, పైకి చూస్తూ మధ్యవేలితో కింది రెప్ప లాగి, చూపుడు వేలితో లెన్స్‌ని తెల్లగుడ్డు మీదకి జరపండి. అక్కడ బొటనవేలు, చూపుడు వేలి మెత్తటి భాగాలతో కొద్దిగా నొక్కితే ముడుచుకుని చేతిలోకి వస్తుంది. గోళ్ళు తగలకూడదు. ఎండి అతుక్కుపోతే లాగొద్దు. డ్రాప్స్ వేసి, కాసేపు రెప్పలార్పి, అది కదలడం మొదలయ్యాకే తీయండి.

మన వంటిళ్ళకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. మిరపకాయ ఘాటు నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే పచ్చిమిర్చి తరిగిన చేతికి ఎంత సబ్బు రుద్దినా కొంచెం మిగిలే ఉంటుంది. ముందు వంటనూనె రాసి రుద్ది, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. అంతకన్నా తేలిక, వంటకు ముందే లెన్స్ తీసేయడం. మా ఇంట్లో ఆవకాయ కలిపే రోజున నాకు కళ్ళజోడే.

ఇక మీ రెండో ప్రశ్న. కడగకూడదు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, మినరల్ వాటర్, కాచి చల్లార్చినవి, ఏవైనా సరే. నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది లెన్స్‌ని పట్టుకుని నల్లగుడ్డును తినేస్తే నెలల తరబడి మందులు వాడాలి, చూపు కూడా పోవచ్చు. లెన్స్‌తో తలస్నానం, ఈత, నదీస్నానం వద్దనేది కూడా అందుకే. సొల్యూషన్ లేని రోజు ఆ జత పారేసి కళ్ళజోడు పెట్టుకోండి.

కేస్‌లో మిగిలిన పాత సొల్యూషన్ మీదే కొత్తది పోసేవాళ్ళు బోలెడుమంది. దాంతో క్రిములను చంపే శక్తి తగ్గిపోతుంది. రోజూ పారబోసి, కేస్‌ని కొత్త సొల్యూషన్‌తోనే కడిగి బోర్లించి ఆరనివ్వండి. మూడు నెలలకు కేస్ మార్చేయండి. లెన్స్‌తో నిద్ర వద్దు. నల్లగుడ్డులో రక్తనాళాలు ఉండవు, దానికి ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచే అందాలి. రెప్ప మూసి, పైన లెన్స్ కూడా ఉంటే అది ఇంకా తగ్గిపోతుంది.

కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా వెంటనే లెన్స్ తీసి అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించండి. మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు వేసుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ముదురుతుంది. వెళ్ళేటప్పుడు ఆ లెన్స్‌నీ కేస్‌నీ పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, ఏ క్రిమో పట్టుకోవడానికి డాక్టర్లు వాటినీ పరీక్షకు పంపుతారు.