లాక్టిక్ యాసిడ్ పరీక్ష: సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మకి 61 ఏళ్లు. షుగరుకి చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఈమధ్య బాగా నీరసపడుతోంది, కిడ్నీల పనితీరు కూడా కొంచెం తగ్గిందన్నారు. రక్తంలో లాక్టిక్ యాసిడ్ పరీక్ష చేయించమని రాశారు. పరగడుపున వెళ్లాలా? నొప్పి ఉంటుందా? ఒకరి రిపోర్టులో 2 దాటకూడదని ఉంది, ఇంకొకరిది 15 వస్తే నార్మల్ అన్నారట! ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఈలోగా మెట్‌ఫార్మిన్ ఆపేయమంటారా?

జవాబు: మాత్ర మీ అంతట మీరు ఆపకండమ్మా. మెట్‌ఫార్మిన్ వల్ల లాక్టిక్ యాసిడ్ ప్రమాదకరంగా పెరగడం చాలా అరుదు. అయితే ఆ మందు బయటికి పోయేది కిడ్నీల ద్వారానే, అందుకే అవి బాగా దెబ్బతిన్నవాళ్లకి, అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 30 కంటే తక్కువ ఉన్నవాళ్లకి, దాన్ని ఇవ్వరు. అమ్మగారి ఈజీఎఫ్ఆర్ ఎంతో రిపోర్టులో చూసి, డోసు తగ్గించాలా అని పరీక్ష రాసిన డాక్టరునే అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు కూడా నిలవకపోతే మాత్రం తర్వాతి డోసు వేసేముందే ఫోన్ చేయండి.

ఇక 2, 15 గొడవ. రెండూ నిజమే, కొలత వేరు. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీమోల్స్‌లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో. రెండోదాన్ని 9తో భాగిస్తే మొదటిది వస్తుంది, అంటే 15 అన్నది దాదాపు 1.7, అది మామూలే. అంకె పక్కన ఏ కొలత రాసి ఉందో చూడకుండా కంగారుపడే వాళ్లు చాలామంది ఉంటారు, మీరు ముందే అడగడం మంచిదైంది.

పరగడుపు సంగతి ల్యాబుని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల 8 నుంచి 10 గంటలు ఏమీ తినొద్దంటారు. అలా చెబితే పొద్దున వేసుకునే షుగరు మందు సంగతి కూడా అప్పుడే కనుక్కోండి. తిండి కంటే ముఖ్యమైనది విశ్రాంతి. కొన్ని గంటల ముందు నుంచీ వ్యాయామం వద్దు, మెట్లెక్కి ఆయాసపడుతూ వెళ్లి వెంటనే చెయ్యి చాపొద్దు, కాసేపు కూర్చోనివ్వండి. సూది గుచ్చేటప్పుడు నరం కనబడాలని పిడికిలి మూసి తెరవమంటారు కదా, ఈ పరీక్షకి అది పనికిరాదు, చేతికి కట్టిన పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచినా లెక్క పెరిగినట్టు కనిపించవచ్చు. సామాన్యంగా మోచేతి మడత దగ్గర తీస్తారు, మామూలు రక్తపరీక్షకి ఉన్నంతే నొప్పి. ఆసుపత్రిలో ఒక్కోసారి మణికట్టు దగ్గర ధమని నుంచి తీస్తారు, అది కాస్త గట్టిగానే నొప్పెడుతుంది, తీశాక కొన్ని నిమిషాలు అక్కడ నొక్కి పట్టాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

తీసిన రక్తాన్ని బూడిద రంగు మూత ఉన్న ట్యూబులో పోసి, చాలాచోట్ల ఐసులో పెట్టి, వెంటనే ల్యాబుకి పంపుతారు. ఎర్ర రక్తకణాలు ట్యూబులో ఉండి కూడా చక్కెరని లాక్టిక్ యాసిడ్‌గా మారుస్తూనే ఉంటాయి, ఆలస్యమైతే ఒంట్లో లేనిది రిపోర్టులోకి వస్తుంది. కాబట్టి అమ్మగారికి ఏ ఇబ్బందీ లేకుండా అంకె ఒక్కటే కొద్దిగా ఎక్కువ వస్తే, సరిగ్గా తీశారా అని అడిగి మళ్లీ చేయించడంలో తప్పేం లేదు.

అసలు ఇది ఎందుకు పెరుగుతుందంటే, తొట్టిలోకి నీళ్లు పడుతూ అడుగున తూములోంచి పోతున్నట్టు, లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, ముఖ్యంగా లివరు, కొంత కిడ్నీలు దాన్ని ఖర్చు చేస్తుంటాయి. ఒంటికి ప్రాణవాయువు చాలకపోయినా, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినా, బీపీ పడిపోయినా తయారీ పెరుగుతుంది, లివరు చెడితే తూము మూసుకుంటుంది. ఫిట్స్ వచ్చిన వెంటనే, ఆయాసానికి సాల్బుటమాల్ ఎక్కువగా పీల్చినా, మద్యం అతిగా తాగినా పెరగొచ్చు.

మిల్లీమోల్స్‌లో 2 వరకూ ఫర్వాలేదు. 2 నుంచి 4 మధ్య ఉంటే కారణం వెతకాలి. 4 దాటి రక్తంలో ఆమ్లత కూడా పెరిగితే ఆసుపత్రిలో ఉండాల్సిన విషయం. అక్కడ కొన్ని గంటల తేడాతో మళ్లీ మళ్లీ చూస్తారు, చికిత్సతో అంకె దిగుతోందా లేదా అన్నది మొదటి అంకె ఎంత అన్నదానికి తక్కువేమీ కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఊపిరి వేగంగా, లోతుగా తీస్తున్నా, మాట తడబడుతున్నా, వాంతులూ కడుపునొప్పీ ఆగకున్నా, చేతులు చల్లబడినా పరీక్ష తేదీ కోసం ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ప్రశ్న: జిమ్‌కి వెళ్లిన మర్నాడు తొడలు పట్టేస్తున్నాయి. లాక్టిక్ యాసిడ్ పేరుకుందేమోనని ఎల్‌డీహెచ్ చేయించాను, కాస్త ఎక్కువ వచ్చింది. ప్రమాదమా?

జవాబు: మీరు చేయించింది వేరే పరీక్ష బాబూ. ఎల్‌డీహెచ్ ఒక ఎంజైము, కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వస్తుంది, గట్టి వ్యాయామం తర్వాత కొంత పెరగడం మామూలే. వ్యాయామంతో పెరిగిన లాక్టిక్ యాసిడ్ గంట, గంటన్నరలో సర్దుకుంటుంది, మర్నాటి నొప్పికి అది కారణం కాదు, కండల్లో పడిన సన్నటి దెబ్బలు కారణం. మూత్రం కాఫీ రంగులో వస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకి చూపించుకోండి. లేదంటే నాలుగైదు రోజులు బరువులు పక్కన పెట్టి మళ్లీ చేయిస్తే సరిపోతుంది.