స్పర్శ తెలియని పాదం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఫిజియోథెరపీ చదువు పూర్తిచేసి, కాకినాడలో ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళ కాళ్ళకు మర్దన చేయబోతున్నావని అక్కయ్య ఫోనులో చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నిన్ను పిలిచేవారిలో చాలామంది షుగరుతో నరాలు దెబ్బతిన్నవారే అయి ఉంటారు.

గోళ్ళు కత్తిరించుకోవడం, ఉంగరం తీసేయడం, డాక్టరు చీటీ చూడడం నీకు చెప్పనక్కరలేదు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని రిటైరైన మాస్టారొకరు కబురంపారు. మర్దన అయ్యాక మూకుట్లో ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టాను. వేడి తెలుస్తోందా అని అడిగితే, "ఏమీ తెలియడం లేదు నాయనా, ఇంకాస్త వేడిగా పెట్టు" అన్నారు. ఆ మాట దగ్గరే నా చేయి ఆగిపోవలసింది. నేను మూటను మళ్ళీ వేడిచేసి తెచ్చాను. ఆయన కాలు వెనక్కి లాక్కోలేదు, ముఖమైనా చిట్లించలేదు, హాయిగా ఉందంటూ నా తల నిమిరారు. మర్నాడు దుప్పటి మీద తడి చూసి వాళ్ళావిడ కాలెత్తి చూస్తే, బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత బొబ్బ చితికిపోయి ఉంది. అది పుండై, చీము పట్టి, చివరికి ఆ వేలు తీసేయవలసి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకే ఆ గుమ్మం తొక్కడానికి రెండేళ్ళు పట్టింది.

అందుకే కాపడం, వేడి నీళ్ళ సంచి, వేడి నూనె నీ సంచిలోనే ఉండకూడదు. రోగి కళ్ళు మూసుకోగా మోనోఫిలమెంటు, అంటే 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాను పోగు, పాదానికి ఆనించి, ఎక్కడ స్పర్శ లేదో గుర్తు పెట్టుకో, అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కకు. వేళ్ళ సందులతో సహా పాదమంతా మర్దనకు ముందూ తర్వాతా వెలుతురులో చూడు. సందుల్లో నూనె మిగలకుండా తుడువు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనివారూ ఉంటారు, వాళ్ళు వద్దన్న క్షణమే చేయి తీసెయ్యి.

మోకాలి కింద బయటివైపు ఎముక బుడిపె దగ్గర నరం చర్మానికి ఆనుకునే ఉంటుంది, అక్కడ ఒత్తిడి పడితే పాదం వేలాడిపోవచ్చు. ఒక పాదం మాత్రమే ఎర్రగా, వెచ్చగా వాచి ఉంటే, నొప్పి లేదని వారన్నా సరే, లోపల ఎముకలు విరిగి ఉండవచ్చు. ఒక పిక్క వాచి వెచ్చబడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, నొక్కితే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరగలదు. ఈ రెంటిలో ఏది చూసినా చేయి వేయకుండా ఆ పూటే ఆసుపత్రికి పంపు. ఇన్సులిన్ సూది వేసిన చోట రుద్దితే మందు త్వరగా రక్తంలో కలిసి షుగరు పడిపోతుంది, కాబట్టి సూది ఎక్కడ వేసుకున్నారో ముందే అడుగు. లేచేటప్పుడు తల తిరగవచ్చు గనుక వారిని కాసేపు మంచం అంచున కూర్చోబెట్టు.

మర్దనతో పాడైన నరాలు బాగవుతాయని ఎవరికైనా చెప్పావో, నేను ఊరుకోను. కాసేపు ఉపశమనం ఉంటుందని చెప్పు తల్లీ, చాలు.

మీ అమ్మకు షుగరు వచ్చి ఎనిమిదేళ్ళయింది, ఇప్పటికీ పెరట్లో చెప్పులు లేకుండా తిరుగుతుంది. నీ పని ఆ కాళ్ళతో మొదలుపెట్టి, ఆదివారం నాకు ఫోను చెయ్యి.

మీ మావయ్య