టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. అమెరికా చదువుకు ఇబ్బందా?

ఇది మన దగ్గర చాలామందికి ఉన్న సమస్యే, టెన్షన్ వద్దు. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు కాకుండా పేరు పూర్తిగా రాయాలి కాబట్టి తేడా సహజంగానే వస్తుంది. మెమోలో ఉన్న పొడి అక్షరం మీ ఇంటిపేరు మొదటి అక్షరమే అయితే మెమో మార్చుకోవడానికి బోర్డు చుట్టూ తిరగక్కర్లేదని నా అభిప్రాయం. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్ చేయించి దగ్గర ఉంచుకోండి, యూనివర్సిటీ అడిగితే పంపండి.

అసలు చూడాల్సింది పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందా అని. ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో అదే వెంటాడుతుంది. దుబాయ్ విజిట్ వీసాకైతే 2022 నవంబరులో ఒకే పేరున్న పాస్‌పోర్టులపై ఆంక్షలు పెట్టారు. అందుకే వీసాకు ముందే రీఇష్యూకు పెట్టి ఇంటిపేరు, పేరు విడదీయించుకోండి.

ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం), వీసా ఫారం, విమాన టికెట్ మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, తొందరపడి ముట్టుకోవద్దు.