డైనోసార్‌కి ఈకలు ఎప్పుడొచ్చాయండీ?

ప్రశ్న: మా బాబు పుస్తకంలో వెలాసిరాప్టర్‌కి కోడికున్నట్టు ఈకలు వేశారు. మేం చిన్నప్పుడు జురాసిక్ పార్క్‌లో చూసింది బల్లి చర్మంతో మనిషంత ఎత్తుండేది. ఏది నిజం?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: బాబు పుస్తకమే కరెక్టమ్మా. ఆ సినిమా 1993లో వచ్చింది, 2007లో వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకునే బుడిపెలు కనిపించాయి, పైగా అది టర్కీ కోడంత జంతువే. కానీ మీ మనసులో ఆ పాత బొమ్మే ఉండిపోయింది చూశారా, ఈ విషయంలో ఎప్పుడూ జరిగేది ఇదే.

తవ్వితే ఎక్కువగా దొరికేది ఎముకలే కదా, కండ, చర్మం, రంగు, నడక అన్నీ బొమ్మ చేసేవాళ్ళే ఊహించి పెట్టాలి, జనం చూసేదేమో ఆ బొమ్మని. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో వాటర్‌హౌస్ హాకిన్స్ అనే శిల్పి ఇగ్వానోడాన్ అనే డైనోసార్‌ని ఖడ్గమృగంలా బరువైన నాలుగు కాళ్ళ జంతువుగా చేసి ముక్కు మీద కొమ్ము పెట్టాడు. కొమ్ము అనుకున్న ఆ ఎముక ముక్క ఒంట్లో ఎక్కడిదో అప్పటికి ఎవరికీ తెలీదు. 1878లో బెల్జియం బొగ్గు గనిలో పూర్తి అస్థిపంజరాలు బయటపడ్డాక తేలిందేంటంటే అది కొమ్ము కాదు, బొటనవేలి ముల్లు! ఆ శిల్పాలు ఇప్పటికీ అదే కొమ్ముతో ఆ పార్కులో ఉన్నాయి, వాటిని మార్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తర్వాత చాలాకాలం డైనోసార్లని బురదలో తోక ఈడ్చుకుంటూ తిరిగే బద్ధకపు జంతువులుగానే గీశారు. 1969లో అమెరికా శాస్త్రవేత్త ఆస్ట్రమ్ డైనోనికస్ అనే వేటాడే డైనోసార్ గురించి రాసినప్పుడు ఆయన శిష్యుడు బాకర్ దాన్ని తోక వెనక్కి తిన్నగా చాపి పరుగెడుతున్నట్టు గీశాడు, జనం ఊహ మారడంలో ఆ ఒక్క బొమ్మకి చాలా పెద్ద పాత్ర ఉంది.

ఇప్పుడు రంగు కూడా పూర్తిగా ఊహ కాదు. చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ ఈకల్లో రంగు కణాల ఆనవాళ్ళు చూసి దాని తోక మీద ఎర్రమట్టి రంగు, తెలుపు పట్టీలు ఉండేవని 2010లో చెప్పారు. అలాగని అన్నిటికీ ఈకలు తగిలించకూడదు, టీ రెక్స్ చర్మం అచ్చుల్లో పొలుసులే కనిపించాయి.

ఈసారి హైదరాబాద్ వెళ్తే బాబుని బిర్లా సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్ళండి. ఉమ్మడి ఆదిలాబాద్ యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడ నిలబడి ఉంటుంది, దానికి పుర్రె దొరకలేదు, తల మనవాళ్ళు చేసి పెట్టిందే. మెడ దాకా చూపించి, ఆ పై తల నువ్వైతే ఎలా చేస్తావురా అని అడగండి.