జిరాఫీ వారం పెట్టుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ క్లాసులో వచ్చే వారమంతా జిరాఫీ మీదే అని రాశావు. నువ్వు పంపిన లిస్టు చూశాను. పసుపు కాగితం కత్తిరించడం, మచ్చలు అతికించడం, మాస్కుకి రంగులేయడం, అన్నీ బల్ల దగ్గర కూర్చుని చేసేవే. తప్పేం లేదు. కానీ మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి జిరాఫీ అంటే ముందు ఎత్తు. అది ఒంటికి తెలిశాక కాగితం పని ఎంతైనా చేయించుకో.

మొదటి రోజు తాడుతో మొదలుపెట్టు. మగ జిరాఫీ 18 అడుగుల దాకా పెరుగుతుంది. అంత తాడు కొలిచి నేల మీద పరిచి, ఒక కొసన గిట్టలు, రెండో కొసన కొమ్ములు సుద్దముక్కతో గీయి. ఈ పొడవుకి ఎంతమంది పిల్లలు పడతారో ముందే అడుగు. ఎవరేం చెప్పినా బోర్డు మీద రాయి. ‘వంద’ అనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, అదీ రాయి. ఆ తర్వాత ఒకరి తల దగ్గర ఇంకొకరి పాదాలు వచ్చేలా తాడు పక్కన వరసగా పడుకోమను. ఐదుగురో ఆరుగురో పడతారు. లెక్క మాత్రం వాళ్లే పెట్టాలి, నువ్వు అందించకు. మధ్యలో ఒకడు లేచి పరిగెడతాడు, లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటికొస్తారు. రానీ. అంకెలు అలాగే నోట పడతాయి.

అప్పుడే పుట్టిన జిరాఫీ పిల్ల ఎత్తే దాదాపు ఆరడుగులు. తలుపు పక్క గోడ మీద అంత ఎత్తులో ఒక గీత గీసి పెట్టు. నీకంటే ఎత్తున్న పసిపాప అని చెప్పి చూడు, వారమంతా ఆ గోడని వదలరు.

రెండోది నడక. జిరాఫీ నడిచేటప్పుడు ఒకే పక్కనున్న ముందు కాలు, వెనక కాలు దాదాపు కలిసి కదులుతాయి. పిల్లల కుడి మణికట్టుకీ కుడి మడమకీ ఒక రంగు రిబ్బను, ఎడమ వైపు ఇంకో రంగు వదులుగా కట్టి, చేతులూ కాళ్లూ నేలకి ఆన్చి అలా నడవమను. మొదట అందరూ తికమకపడతారు, పడతారు, నవ్వుతారు. కుడి ఎడమలు నేర్పడానికి ఇంతకన్నా మంచి ఆట నాకు తెలియదు. ముందుకు రాని పిల్లలుంటే బలవంతం చేయకు, రిబ్బన్లు కట్టే పని వాళ్లకప్పగించు.

అంత మెడ ఉన్నా జిరాఫీకి నిలుచున్న చోట నేల అందదు. నీళ్లు తాగాలంటే ముందు కాళ్లు బార్లా చాపాలి, లేదా మోకాళ్లు వంచాలి. ఎందుకని పిల్లల్నే అడుగు. జవాబు వచ్చేదాకా ఆగు, నువ్వు తొందరపడి చెప్పేయకు. కాళ్ల పొడవు ఎవరో ఒకరు పట్టుకుంటారు.

మెడలో ఎముకలు ఏడే, మనకీ ఏడే. పిల్లలకిది వింతగా ఉంటుంది. లావు అట్ట గొట్టాలు ఏడు తాడుకి గుచ్చించు, తర్వాత ఎవరి మెడ వెనక వాళ్లని తడుముకోమను. చిన్న పూసలు మాత్రం వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

నాలుక 45 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, దాదాపు నల్లగా. ముళ్ల తుమ్మ కొమ్మల మధ్యలోంచి దాంతోనే ఆకులు లాగి తింటుంది. పిల్లల చేతికి ముదురు రంగు సాక్సు తొడిగి, బట్టల క్లిప్పుల మధ్య ఇరికించిన కాగితం ఆకుల్ని లాగమను. సాక్సు లోంచి పట్టు చిక్కదు కదా, వేళ్లకి మంచి పని. పెన్సిలు పట్టుకునే చేతికి ఇదే ముందు కావాలి.

మచ్చలకి శాంపిల్ బొమ్మ చూపించకు. చూపిస్తే అన్నీ దాని నకళ్లే అవుతాయి. ఏ రెండు జిరాఫీల మచ్చలూ ఒకేలా ఉండవు, కాబట్టి గోధుమరంగు కాగితం చేత్తో చింపి ఎవరికి నచ్చినట్టు వాళ్లని అతికించుకోనీ. మచ్చకీ మచ్చకీ మధ్య సందు వదలాలన్న ఒక్క మాట గుర్తుచెయ్యి.

ఇంకొకటి, జిరాఫీ మూగదని చెప్పకు. దూడలు అరుస్తాయి, పెద్దవి బుసకొడతాయి.

ఇంటికి బొమ్మ పంపకపోతే తల్లిదండ్రులు ఏమనుకుంటారో అని టెన్షన్ పడుతున్నావు. బొమ్మకి బదులు చిన్న చీటీ పంపు: ‘జిరాఫీ నీళ్లెలా తాగుతుందో చేసి చూపించమని మీ బిడ్డని అడగండి.’ మర్నాడు వాళ్లే వచ్చి నీతో మాట్లాడతారు.

ఇట్లు,
నీ అత్తయ్య